ఆరంగుళాలా, మూడు ముప్పావా, పన్నెండా? యాక్షన్ ఫిగర్లలో ఒక్క సైజుకి కట్టుబడినవాళ్లు చెప్పండి

షెల్ఫ్_చాలదు

నా దగ్గర మొత్తం 43 యాక్షన్ ఫిగర్లు, అంటే కీళ్లు కదిలే బొమ్మలు ఉన్నాయి. 31 ఆరంగుళాలవి, 9 మూడు ముప్పావు (3.75) అంగుళాలవి, రెండు ఏడంగుళాలవి, ఒక్కటి పన్నెండంగుళాలది. కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు, హాల్లో గోడకి మూడు అరలు. ఒక్కో అర నాలుగడుగుల పొడవు, పది అంగుళాల లోతు, పదకొండు అంగుళాల ఎత్తు. పన్నెండంగుళాల ఆయన అందులో పట్టడు, టీవీ పక్కన నిలబడ్డాడు. మిగతావాళ్లని కలిపి పెడితే ఒకడి నడుం దగ్గరకి ఇంకొకడి తల వస్తోంది. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటోంది.

పోయిన వారం ఇంకో దెబ్బ. జీతం పడగానే నాలుగు వేల పైచిలుకు పెట్టి ఒక ఆరంగుళాల బొమ్మ కొన్నాను. డబ్బా తెరిచి మోకాలు వంచానో లేదో టక్‌మంది, కాలు చేతిలోకి వచ్చేసింది. అమ్మినవాళ్లు "మీరే గట్టిగా వంచారు" అని వాపసు తీసుకోలేదు. కంపెనీ పేరూ షాపు పేరూ ఇక్కడ రాయను.

అప్పటినుంచి ఒకటే ఆలోచన. అన్ని సైజులూ పోగేసే బదులు ఒక్కటే పట్టుకుంటే? ఆరంగుళాలవి అమ్మేసి మూడు ముప్పావుకి వెళ్లనా, లేక ఏడాదికో రెండేళ్లకో ఒక మంచి పన్నెండంగుళాలది కొనుక్కోనా? నాణ్యత నిజంగా ఎందులో ఉంది? పదేళ్ల పైనుంచి కొంటున్నవాళ్లు తప్పకుండా చెప్పండి.

ఆరంగుళాల_అభిమాని

అమ్మే మాట తర్వాత. ముందు ఆ మోకాలు సంగతి చెప్పండి. పిన్ను విరిగిందా, పిన్ను కూర్చునే చోట ప్లాస్టిక్ చీలిందా? రెండూ ఒకటి కాదు.

షెల్ఫ్_చాలదు

పిన్ను బాగానే ఉంది. దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ చెవి తెల్లబడి చీలిపోయింది.

మోకాలు_కీలు

చర్లపల్లిలో ఇంజెక్షన్ మౌల్డింగ్ యూనిట్‌లో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను, బొమ్మల పిచ్చి అంతకంటే పాతది. తెల్లబడటం అంటే ఆ చోట ప్లాస్టిక్ మీద ఓర్చుకోలేనంత లాగుడు పడిందని అర్థం. మీరు గట్టిగా వంచబట్టి కాదు. ఫ్యాక్టరీలో పెయింట్ వేసినప్పుడు కీలు సందులోకి కొంచెం జారి, ఆరి, జిగురులా పట్టేస్తుంది. మనం వంచితే కీలు తిరగదు, బలమంతా ఆ పల్చటి చెవి మీద పడుతుంది.

కొత్త బొమ్మ తెరవగానే నేను చేసేది ఇది. స్టీలు గ్లాసులో వేడినీళ్లు, మరిగేవి కాదు, టీ తాగే వేడి చాలు. బొమ్మ కాళ్లు అందులో ముంచి ఒక నిమిషం ఉంచుతాను. తీసి తుడిచి, మోకాలిని ముందు ఒక్క పిసరు వెనక్కి, ఒక్క పిసరు ముందుకి ఆడిస్తాను. పెయింట్ పట్టు వదిలినప్పుడు చిన్నగా "చిట్" అంటుంది. ఆ శబ్దం వచ్చాకే పూర్తిగా వంచడం. వేడికి ప్లాస్టిక్ కాస్త మెత్తబడుతుంది, విరిగే బదులు సాగుతుంది.

ఇక నాణ్యత. బొమ్మ అంతా ఒకే ప్లాస్టిక్‌తో చెయ్యరు. జుట్టు, కేప్, ముఖం లాంటివి ఎక్కువగా మెత్తటి పీవీసీ. గట్టిగా నిలబడాల్సిన భాగాలు, చాలా కీళ్లు ఏబీఎస్ లాంటి గట్టి ప్లాస్టిక్. గట్టి చోట మెత్తది వాడితే ఆరు నెలలకి బొమ్మ ముందుకి వాలిపోతుంది. మెత్తగా ఉండాల్సిన చోట గట్టిది వాడితే చీలుతుంది. సైజు కంటే ముందు చూడాల్సింది అది.

కొత్తగా_కొంటున్నా

అన్నా, వేడినీళ్లలో ముంచితే పెయింట్ పోదా?

మోకాలు_కీలు

టీ వేడికి నా దగ్గర ఒక్కటి కూడా పోలేదు. బట్టలు తొడిగిన బొమ్మలు, లైట్లు ఉన్నవి మాత్రం నీళ్లలో పెట్టకు. వాటికి హెయిర్ డ్రయ్యర్ దూరంనుంచి అర నిమిషం చాలు.

గుప్పెడు_జో

"మూడు ముప్పావుకి వెళ్లనా" అని అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఈ రోజుల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్లే తగ్గిపోయారు.

అసలు యాక్షన్ ఫిగర్ అన్న మాటే 1964లో హాస్బ్రో కంపెనీ పన్నెండంగుళాల సైనికుడి బొమ్మ జి.ఐ. జో కోసం పుట్టించింది, మగపిల్లలు "డాల్" అంటే కొనరని. అప్పట్లో పెద్దదే లెక్క. 1970ల్లో మెగో కంపెనీవి ఎనిమిదంగుళాలకి దిగాయి. 1973 చమురు సంక్షోభంతో ప్లాస్టిక్ ధర పెరిగింది. 1978లో కెన్నర్ స్టార్ వార్స్ బొమ్మల్ని మూడు ముప్పావులో తెచ్చింది. దాని వెనక ఉన్న లెక్క ఏంటంటే, బొమ్మ చిన్నదైతే అది ఎక్కే విమానం కూడా పిల్లాడు కొనుక్కోగలిగే సైజులో ఉంటుంది. ఆ బొమ్మలకి కదిలేవి అయిదే కీళ్లు: మెడ, రెండు భుజాలు, రెండు తొడలు. 1982లో జి.ఐ. జో అదే సైజులోకి వచ్చి మోచేతులు, మోకాళ్లు, నడుం కూడా కదిలేలా చేసింది. 1983లో మోచేతి పైన చెయ్యి గుండ్రంగా తిరిగే ఏర్పాటు పెట్టారు, అప్పటినుంచి తుపాకీని రెండు చేతులతో పట్టుకోగలిగాడు. గుప్పెట్లో పట్టే మనిషిలో ఇన్ని కదలికలు!

మన దేశంలో ఫన్‌స్కూల్ వాళ్లు చేసిన జి.ఐ. జోలతోనే నా చిన్నతనం గడిచింది. అమెరికా బొమ్మల్లో లేని రంగులు వాటిలో ఉండేవి. అక్కడి కలెక్టర్లు ఇప్పటికీ వాటిని వెతికి మరీ కొంటారు. జుమ్మేరాత్ బజార్లో పాత ఇనప సామాన్ల మధ్య ఒకటి దొరికింది నాకు, చెయ్యి లేదు, అయినా తెచ్చుకున్నాను. ఎడమ చెప్పు కింద ముద్ర అరిగిపోయి ఉంది, ఎవరో పిల్లాడు దాన్ని నేలమీద చాలా నడిపించాడన్నమాట.

ఇక మీ అరల సంగతి. ఆ లోతులో మూడు ముప్పావు బొమ్మలు నాలుగు వరసలు మెట్లు కట్టి పెట్టచ్చు. ఆరంగుళాలవి రెండు వరసలకే ఒకరి మీద ఒకరు పడతారు.

ఆరంగుళాల_అభిమాని

జో అన్నా, మీరు చరిత్ర చెప్తే వింటూ ఉండిపోవాలనిపిస్తుంది. కానీ ఇది 1983 కాదు. మధ్యలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. 2013 ప్రాంతంలో మూడు ముప్పావు లైన్లలో చాలా వాటిని మళ్లీ అయిదు కీళ్లకి దించేశారు. అదే ఏడాది స్టార్ వార్స్ బ్లాక్ సిరీస్ ఆరంగుళాల్లో మొదలైంది. 2020లో మీ జి.ఐ. జో కూడా క్లాసిఫైడ్ పేరుతో ఆరంగుళాలకే వచ్చింది. మార్వెల్ లెజెండ్స్ అయితే 2002 నుంచీ అక్కడే ఉంది. అంటే డిజైనర్ల శ్రద్ధ, డబ్బు, కొత్త ప్రయోగాలు అన్నీ ఆరంగుళాల వైపే. రెండుసార్లు మడిచే మోచేతులు, ఛాతీలోకి ముడుచుకునే భుజాలు, పిన్ను తల బయటికి కనిపించని మోకాళ్లు, ఇవన్నీ ఈ సైజులోనే మామూలు ధరకి దొరుకుతున్నాయి.

ఒక బొమ్మని ఒంటికాలి మీద గాల్లోకి లేచినట్టు నిలబెట్టి, చెయ్యి వెనక్కి లాగి, తల కొంచెం వంచి పెట్టి చూడండి. ఆ తృప్తి చిన్నవాటిలో నాకు రాలేదు.

మోకాలు_కీలు

దానికి కారణం మా పనిలోనే ఉంది. కీలుకి, దాని గూటికి మధ్య ఉండే సందు బొమ్మ సైజుతో పాటు తగ్గదు. పది పాళ్లలో ఒక పాలు మిల్లీమీటరు తేడా ఆరంగుళాల మోచేతికి పెద్ద లెక్క కాదు. మూడు ముప్పావు మోచేతికి అదే తేడా ఉంటే చెయ్యి వేలాడిపోతుంది. అందుకని చిన్న బొమ్మలో మంచి కీళ్లు పెట్టాలంటే అచ్చు ఖరీదు, పరీక్షలు ఎక్కువ. చెయ్యలేక కాదు. హియా టాయ్స్, జాయ్‌టాయ్ వాళ్ల 1:18 బొమ్మలు (మనిషిలో పద్దెనిమిదో వంతు, అంటే మూడు ముప్పావు సైజు) చూడండి, కీళ్లు ముచ్చటగా ఉంటాయి.

పెయింట్_పద్మజ

అందరూ మోకాళ్ల దగ్గరే ఆగిపోయారు. ముఖం చూడరా? నేను బొమ్మల ముఖాలు చెరిపి మళ్లీ పెయింట్ వేస్తుంటాను, ఇంతవరకు అరవై దాకా వేశాను. సైజు ఎందుకు ముఖ్యమో కంటి దగ్గర తెలుస్తుంది.

మనిషి కంట్లో నల్లగుడ్డు అడ్డంగా సుమారు 12 మిల్లీమీటర్లు. పన్నెండంగుళాల బొమ్మ అంటే ఆరో వంతు, కాబట్టి నల్లగుడ్డు 2 మిల్లీమీటర్లు. ఆరంగుళాల బొమ్మలో ఒక్క మిల్లీమీటరు. మూడు ముప్పావులో ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండదు. నా దగ్గరున్న అతి సన్నటి బ్రష్ మొన మూడు వెంట్రుకలు. దాంతో ఆరంగుళాల కంట్లో గుడ్డు, దానిమీద తెల్లటి మెరుపు చుక్క రెండూ పెట్టగలను. మూడు ముప్పావులో చుక్క పెట్టడం వరకే. ఆ చుక్క ఒక వెంట్రుక మందం పక్కకి జరిగినా బొమ్మ ఎటో చూస్తున్నట్టు ఉంటుంది. ఫ్యాక్టరీ ముద్రణకి కూడా ఇదే ఇబ్బంది. ఇప్పుడు ఆరంగుళాల వాటికి ముఖాన్ని డిజిటల్‌గా ముద్రిస్తున్నారు, దగ్గరగా చూస్తే చిన్న చిన్న చుక్కలు, దూరంనుంచి నిజమైన చర్మం. ఆ పద్ధతి వచ్చాక ఆరంగుళాల ముఖాలు ఒక్కసారిగా మారిపోయాయి.

కాబట్టి నా ఓటు: ముఖం ఇష్టమైతే ఆరు లేక పన్నెండు. గుంపు, యుద్ధం, వాహనాలు ఇష్టమైతే మూడు ముప్పావు.

గుప్పెడు_జో

పద్మజ గారూ, ఒప్పుకుంటున్నాను. కానీ హెల్మెట్ పెట్టినవాళ్లకి నల్లగుడ్డుతో పనేముంది! నా సైన్యంలో సగం మంది ముసుగువాళ్లే.

పెయింట్_పద్మజ

ఇది మాత్రం గట్టి పాయింట్ 😄

డాలస్_బాబాయ్

వాహనాల మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్తా. ఇక్కడ నా గ్యారేజీలో మూడు ముప్పావు సైజు వాహనాలు పదకొండు ఉన్నాయి. 1985లో వచ్చిన జి.ఐ. జో విమాన వాహక నౌక ఏడున్నర అడుగులు, అది నా దగ్గర లేదు, ఒక మిత్రుడి ఇంట్లో చూశాను. దానికోసం ఒక గది కేటాయించాడు. తమాషా ఏంటంటే అంత పెద్దదీ నిజమైన స్కేలు కాదు. నిజం నౌకని 1:18కి దించితే దాదాపు 18 మీటర్లు రావాలి, మన ఆర్టీసీ బస్సుకంటే పొడవు. చిన్న సైజులోనే ఈ పరిస్థితి అయితే ఆరంగుళాల్లో వాహనాలు ఎలా చేస్తారు? చేసినా ఎవరింట్లో పడుతుంది? ఆరంగుళాల కలెక్టర్లు అందుకే మనుషుల్నే పోగేస్తారు, మహా అయితే ఒక మోటార్‌సైకిల్.

ధర గురించి. పదేళ్ల కిందట ఇక్కడ ఆరంగుళాలది 20 డాలర్లు, ఇప్పుడు 25 పైనే. మూడు ముప్పావు కూడా పెరుగుతూ వచ్చి దానికి దగ్గరయింది. "చిన్నది కాబట్టి చవక" అనే రోజులు పోయాయి. పన్నెండంగుళాల హాట్ టాయ్స్ కంపెనీ బొమ్మ అయితే 250 డాలర్ల పైమాటే.

షెల్ఫ్_చాలదు

బాబాయ్, అంటే ఒక హాట్ టాయ్స్ డబ్బుతో పది ఆరంగుళాలవి. కానీ నాణ్యతలో పదింతలు తేడా ఉందా?

డాలస్_బాబాయ్

ముఖంలో ఉంది. బట్ట కుట్టులో ఉంది. ఆడుకునే విషయంలో లేదు. భయంతో ముట్టుకోం కదా.

వైజాగ్_ఉప్పుగాలి

పన్నెండంగుళాలకి వెళ్దామనుకునేవాళ్లు నా కథ చదవండి. మా ఇల్లు బీచ్‌కి కిలోమీటరు. 2016లో ఒక పన్నెండంగుళాల బొమ్మ తెప్పించాను, ఏ కంపెనీదో వదిలెయ్యండి, నల్ల తోలు కోటు వేసుకున్న మనిషి. ఆరు నెలలు ప్రతి ఆదివారం మెత్తటి బ్రష్‌తో దులిపేవాణ్ణి. అది నిజం తోలు కాదు, బట్టమీద పాలియురెథేన్ పూత. నాలుగో వానాకాలంలో మోచేతి మడత దగ్గర చిన్న పొక్కు కనిపించింది. గోరు తగిలితే కాలిన పాపడంలా లేచి వచ్చింది. ఇంకో ఏడాదికి భుజాలూ కాలరూ మొత్తం పొలుసులే. అరంతా నల్లటి పొడి. బొమ్మ ముఖం మాత్రం చెక్కుచెదరలేదు, అదే ఎక్కువ బాధ.

తర్వాత తెలిసింది, ఆ పూతకి తేమే శత్రువు. గాల్లో తేమతో అది దానంతట అదే విడిపోతుంది, డబ్బాలో దాచినా ఆగదు. రబ్బరు సూట్లు కూడా అంతే, మడత పెట్టిన చోట చీలతాయి. హైదరాబాద్ గాలి మాకంటే పొడి కాబట్టి మీకు ఇంకొన్నేళ్లు ఎక్కువ రావచ్చు. కొంటే నూలు బట్ట వేసినవాళ్లనో, కవచం వేసినవాళ్లనో కొనండి. చేతులు ఎప్పుడూ చాచి నిలబెట్టండి, మోచెయ్యి వంచి ఏళ్ల తరబడి వదలకండి.

ఇప్పుడు నా దగ్గర అంతా ఆరంగుళాల ప్లాస్టిక్కే. బట్ట కూడా ప్లాస్టిక్‌లో చెక్కిందే. ఉప్పుగాలి దాన్నేం చెయ్యదు.

మోకాలు_కీలు

ప్లాస్టిక్‌కీ శత్రువులు ఉన్నారు. పీవీసీని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది, బొమ్మ జిగటగా తయారవుతుంది. గాలాడని డబ్బాలో మూసి పెడితే ఇంకా ఎక్కువ. గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్, పోతుంది. తెల్ల ఏబీఎస్ ఎండకి పసుపెక్కుతుంది. కిటికీకి ఎదురుగా అర పెట్టకండి. బీరువాలో వేసే కలరా ఉండలు బొమ్మల పక్కన అస్సలు వద్దు.

షెల్ఫ్_చాలదు

నా పన్నెండంగుళాల ఆయనది కవచమే, ఊపిరి పీల్చుకున్నాను. కానీ అరల్లో ఒకటి బాల్కనీ తలుపుకి ఎదురుగానే ఉంది. ఈ రాత్రికే మార్చేస్తా.

కొత్తగా_కొంటున్నా

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నేను డిగ్రీ రెండో ఏడాది. ఆన్‌లైన్‌లో ఆరంగుళాల జపాన్ బొమ్మ ఎనిమిది వందలకి చూపిస్తోంది, "ఫస్ట్ కాపీ" అని రాసి ఉంది, అంటే నకలే. కొనచ్చా? అసలుది నా వల్ల కాదు.

ఆరంగుళాల_అభిమాని

వద్దు తమ్ముడూ. నేను కాలేజీలో ఉన్నప్పుడు అలాంటివి మూడు కొన్నాను. ఫోటోలో అసలుదే పెడతారు. చేతికొచ్చాక చూస్తే కనురెప్ప మీద పెయింట్ జారి ఉంటుంది, చీలమండలు నిలవవు, డబ్బా తెరవగానే కిరోసిన్ లాంటి వాసన కొడుతుంది. ఒకదాని మణికట్టు మొదటి రోజే గూట్లో ఇరుక్కుపోయింది. ఎస్.హెచ్. ఫిగర్‌ఆర్ట్స్, ఫిగ్మా లాంటి అసలు జపాన్ బొమ్మలు 2008 నుంచి వస్తున్నాయి. వాటి గొప్పంతా కీలు ఎంత మెత్తగా తిరిగి ఎక్కడ పెడితే అక్కడ ఆగుతుందో అందులోనే ఉంది. కాపీలో పోయేది సరిగ్గా అదే. ఆ ఎనిమిది వందలు పక్కన పెట్టు, ఇక్కడే ఎవరైనా డబ్బా విప్పిన అసలు బొమ్మ అమ్మినప్పుడు తీసుకో. అరికాలి కింద, వీపు మీద కంపెనీ ముద్ర ఫోటో అడుగు. ఇవ్వకపోతే వదిలెయ్.

జపాన్ 1:12 బొమ్మలు అమెరికా ఆరంగుళాల వాటి పక్కన కొంచెం పొట్టిగా కనిపిస్తాయి, అది కూడా గుర్తుపెట్టుకో. కలిపి నిలబెడితే అన్నదమ్ముల్లా ఉంటారు.

బెజవాడ_బొమ్మరిల్లు

ధరలు ఎందుకిలా అయ్యాయో కొత్తవాళ్లకి తెలియాలి. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో బొమ్మలమీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 చేశారు. 2023లో 70. దానికితోడు 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. పిల్లల భద్రతకి అది మంచిదే, నేను తప్పు పట్టను. కానీ తక్కువ సంఖ్యలో తెప్పించే చిన్న షాపులకి ప్రతి మోడల్‌కీ పరీక్షలు చేయించడం తలకి మించిన భారం. మా ఊళ్లో నేను కొనే షాపు ఆయన ఆరంగుళాలవి తెప్పించడం ఆపేశాడు.

అందుకే నా సలహా, సైజు ఏదైనా సరే సంఖ్య తగ్గించుకోండి. నేను ఏడాదికి నాలుగు. ఒక్కోదానికీ నెల ముందునుంచి ఎదురుచూస్తాను.

కొలువు_కమల

నేను కలెక్టర్‌ని కాదు, మా అబ్బాయి. వాడు ఈ చర్చ చూపించి "అమ్మా నువ్వూ రాయి" అన్నాడు. మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం, మా అత్తగారి కాలం నుంచి ఉన్న కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు. మూడేళ్ల కిందట కింది మెట్టు మీద వాడి ఆరంగుళాల వీరుణ్ణి తెచ్చి పెట్టాడు. వద్దన్నాను మొదట. తీరా చూస్తే మా కొండపల్లి గీత కార్మికుడి ఎత్తూ వాడి ఎత్తూ దాదాపు సమానం! ఇద్దరూ పక్కపక్కన చక్కగా అమరారు. పేరంటానికి వచ్చిన పిల్లలందరూ ఆ మెట్టు దగ్గరే కూర్చున్నారు.

సైజుల గురించి నాకు తెలిసింది ఒకటే. కొలువులో పెద్దవి పైమెట్టు మీద వెనక్కి, చిన్నవి కింద ముందుకి పెడతాం. ఎత్తు తేడా తప్పులా కనిపించదు, అలా అమర్చినట్టే ఉంటుంది. మీ అరలో వెనకవైపు ఒక ఎత్తైన చెక్క పెట్టి చూడండి. అమ్మేయడం దేనికి, ఇష్టపడి కొనుక్కున్నవి.

గుప్పెడు_జో

కమల గారూ, ఇన్నేళ్లలో ఇక్కడ ఇంత మంచి సలహా నేను చూడలేదు.

పెయింట్_పద్మజ

నేనూ అదే అనబోతున్నా. ఆ కొలువు ఫోటో ఉంటే పెట్టించండి అత్తయ్యా, చూడాలనుంది.

ఏడు_చాలు

ఏడంగుళాల గురించి ఒక్కరూ మాట్లాడరేం? మెక్‌ఫార్లేన్ కంపెనీ 1994లో మొదలుపెట్టినప్పటినుంచి చెక్కడంలో ఏడంగుళాల వాళ్లు ముందున్నారు. నెకా కంపెనీ బొమ్మల ముఖం మీద ముడతలు చూడండి, బట్ట మీద మరకలు చూడండి. ఆరంగుళాల వాళ్లు కీళ్ల కోసం శరీరాన్ని ముక్కలు ముక్కలుగా కోసేస్తారు. నాకు బొమ్మ నిలబడితే చాలు, శిల్పంలా ఉండాలి.

ఆరంగుళాల_అభిమాని

శిల్పం కావాలంటే విగ్రహం కొనుక్కోవచ్చు కదా అన్నా. కీళ్లు లేకపోతే "యాక్షన్" ఎక్కడిది?

ఏడు_చాలు

నీ బొమ్మలు ఎన్నిసార్లు భంగిమ మారుస్తావు తమ్ముడూ? నిజం చెప్పు. తెచ్చిన రోజు ఒకసారి, దుమ్ము దులిపినప్పుడు ఒకసారి. మిగతా 363 రోజులూ అది శిల్పమే. ఆ 363 రోజులు నేను చూసేది చెక్కడాన్నే.

ఆరంగుళాల_అభిమాని

నేను వారానికోసారి మారుస్తా, ఆదివారం పొద్దున కాఫీతో. కానీ మీ మాట చాలామందికి వర్తిస్తుందని ఒప్పుకుంటా.

మోకాలు_కీలు

ఏడంగుళాల ఇబ్బంది ఎక్కడంటే, ఆరంగుళాల వాళ్ల పక్కన పెట్టలేం, పన్నెండు వాళ్ల పక్కన పెట్టలేం. ఆరడుగుల మనిషి ఆరంగుళాలైతే సరిగ్గా పన్నెండో వంతు, అడుగుకో అంగుళం. పన్నెండంగుళాలైతే ఆరో వంతు. ఈ రెండింటికీ కుర్చీలు, సైకిళ్లు, గిన్నెలు అన్నీ దొరుకుతాయి, డాల్‌హౌస్ సామాన్లు కూడా ఎక్కువగా 1:12లోనే వస్తాయి. మూడు ముప్పావుకి 1:18 డైకాస్ట్ (లోహం పోతపోసిన) కార్లు ఉన్నాయి. ఏడుకి అలా ఏదీ కుదరదు.

బెజవాడ_బొమ్మరిల్లు

1:18 అంటే గుర్తొచ్చింది, మా తమ్ముడు అట్టముక్కలతో ఆ స్కేలులో ఆటో చేశాడు. నిజం ఆటోని టేపుతో కొలిచి, ప్రతి కొలతా 18తో భాగించి. పద్నాలుగున్నర సెంటీమీటర్లు వచ్చింది. మూడు ముప్పావు సైనికులు ముగ్గురు వెనక సీట్లో, ఒకడు డ్రైవర్ పక్కన సగం సీటు మీద. నిజం ఆటోలో ఎలా ఇరుక్కుంటామో అచ్చం అలాగే.

డాలస్_బాబాయ్

ఆ ఆటో నాకు అమ్మమని చెప్పండి. ఎంతైనా సరే.

షెల్ఫ్_చాలదు

నిన్నంతా దీని మీదే కూర్చున్నాను. ఏం చేశానో రాస్తాను.

కమల గారు చెప్పినట్టు బొమ్మలుండే అరల్లో వెనకవైపు మూడంగుళాల ఎత్తు చెక్క పెట్టాను, వడ్రంగి మిగిల్చి వెళ్లిన ముక్కలే. ఆరంగుళాల వాళ్లు దానిమీద, తొమ్మిది అంగుళాలకి చేరారు, పైన ఇంకా రెండు అంగుళాల ఖాళీ. మూడు ముప్పావు తొమ్మిది మందినీ వాళ్ల ముందు కాకుండా విడిగా కింది అరలో పెట్టి, పక్కన నా పాత 1:18 జీపు నిలబెట్టాను. నిజంగా ఊరు ఊరంతా కదులుతున్నట్టుంది. బాల్కనీ ఎదురుగా ఉన్న అరలో ఇప్పుడు పుస్తకాలు పెట్టాను.

ఆరంగుళాలవి అమ్మడం లేదు. ఏడంగుళాల వాళ్లిద్దర్నీ అమ్ముతున్నాను, ఏడు_చాలు గారు తీసుకుంటానంటే మొదటి హక్కు మీదే. ఇకమీదట కొత్తవి ఆరంగుళాలే, అదీ ఏడాదికి అయిదు లోపు. టీవీ పక్కన ఆయన అక్కడే ఉంటాడు, ఇంట్లో అందరికీ అలవాటైపోయాడు.

చీలిన మోకాలిని మోకాలు_కీలు అన్న ఫోన్‌లో చెప్పినట్టు సన్నటి ఇత్తడి తీగ గుచ్చి అతికించాను. వంగదు, కానీ నిలబడ్డాడు.

ఏడు_చాలు

ఫోటోలు పంపండి. చెక్కడం బాగుంటే ఇద్దర్నీ తీసుకుంటా.

గుప్పెడు_జో

ఆ తొమ్మిది మందిలో పాత జి.ఐ. జోలు ఉన్నాయా? ఉంటే వీపు మీద స్క్రూ విప్పి లోపల ఓ-రింగ్ చూడండి. 2007లో వచ్చిన కొత్త రకం ముందు వరకు నడుమునీ కాళ్లనీ కలిపి ఉంచేది ఆ నల్లటి రబ్బరు చుట్టే. ముప్పై ఏళ్లకి అది ఎండి పెళుసవుతుంది. తెగే దాకా ఆగకండి, తెగితే బొమ్మ నడుం దగ్గర రెండు ముక్కలై పైనుంచి పడుతుంది, వేళ్లు విరుగుతాయి.

షెల్ఫ్_చాలదు

నాలుగు ఉన్నాయి. ఇప్పుడే ఒకటి విప్పాను. ఛాతీ రెండు చిప్పలుగా వచ్చింది, రింగు నిండా సన్నటి పగుళ్లు. కొత్తది ఎక్కడ దొరుకుతుంది?

గుప్పెడు_జో

రాణిగంజ్‌లో బేరింగులు, రబ్బరు సీళ్లు అమ్మే ఏ షాపుకైనా వెళ్లండి. పాత రింగు జేబులో వేసుకెళ్లి దాంతో పోల్చి చూసుకోండి, మందం అస్సలు ఎక్కువ కాకూడదు, కాళ్లు లోపలికి పోవు. డజను తీసుకోండి, ఛాయ్ డబ్బులకి వచ్చేస్తాయి.

కొత్తగా_కొంటున్నా

అన్నా, నేను శనివారం రాణిగంజ్ వైపు వెళ్తున్నా. ఎవరికైనా కావాలంటే పాత రింగు కొలత పెట్టండి, అందరికీ కలిపి తెస్తాను.